సన్ ఫిల్మ్ మంచిగ పడ్డదా లేదా ఎట్ల చూడాలె?

నిన్న హన్మకొండల నా స్విఫ్ట్‌కు ఫిల్మ్ ఏపిచ్చిన అన్నా, వెనక అద్దం మీద నీళ్ల బుడగల లెక్క కనవడ్తున్నయి, షాపాయన ఆరితే పోతయంటుండు, పైసలైతే మొత్తం ఇచ్చేసిన. నమ్మొచ్చా?

జవాబు 1:
నీళ్లయితే పోతయ్ తమ్మీ, రెండు మూడు వారాలు ఎండల పెట్టు, నాలుగు రోజులు అద్దాలు దించకు. కానీ వేలుతోని ముట్టి చూడు, గట్టిగ ఇసుక రవ్వ తగిలితే అది దుమ్ము, ఎన్నేండ్లైనా పోదు, మళ్ల ఏపియ్యాలె.

జవాబు 2:
ఆ నాలుగు రోజులైనంక పక్క అద్దం సగం దించి ఫిల్మ్ పై అంచు చూడు, రంపం పండ్ల లెక్క ఉంటే చేతగాని పని. వెనక అద్దం మీద మంచు పోగొట్టే డీఫాగర్ గీతలుంటయ్, వాటి మీద బ్లేడుతోని మాత్రం గీకనియ్యకు, తెగుతయ్.

జవాబు 3:
రూల్ సుత చూస్కో, ముందు వెనక 70 శాతం, పక్కలకు 50 శాతం వెలుతురు రావాలె. 2012ల సుప్రీంకోర్టు ఫిల్మ్ అతికియ్యొద్దనే చెప్పింది.

అడిగినాయన:
రెండు రవ్వలు తగిలినయ్ అన్నా, రేపు పొద్దుగాల్నే పోత.