పొలి చల్లే ఆచారం గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

నమస్కారం అండీ. ఉదయగిరి కొండల కింద ఒక పల్లెలో జరిగే దయ్యాల కథ రాస్తున్నాను. కాలం ఆశ్వయుజ మాసం. మన నెల్లూరు జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచే కదా, ఆ ముసురు కథకు కావాలి.

దీపావళి సాయంత్రం గోగు పుల్లలకు నూనె గుడ్డలు చుట్టి వెలిగించి, పిల్లల చేత 'దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి' అనిపిస్తూ నేలకు కొట్టిస్తాం. ఆ దివిటీలు పితృదేవతలకు దారి చూపడానికని పెద్దలు చెబుతారు. ఆ వెలుగు చూసి వచ్చినవాళ్లు మన పెద్దలు కాకపోతే? కథ అక్కడ మొదలవుతుంది.

చిక్కంతా పొలి దగ్గర వచ్చింది. అమ్మవారి జాతరలో బలి రక్తం కలిపిన అన్నాన్ని రాత్రిపూట పొలిమేర చుట్టూ చల్లుతారు కదా. చల్లేవాడు వెనక్కి తిరిగి చూడకూడదంటారు. మీ ఊళ్లో ఆ గంప ఎవరు మోస్తారు? కాగడా పట్టుకున్నవాళ్లు మాట్లాడొచ్చా? మధ్యలో వాన పడి కాగడా ఆరిపోతే ఏం చేస్తారు? నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. తిరిగొచ్చాక నేరుగా ఇంట్లోకి రానిస్తారా?

పొలి చల్లేవాళ్లను భయంకరంగా చూపించడం నాకిష్టం లేదు. ఊరంతా తలుపులేసుకుంటే ఊరి కోసం చీకట్లో నడిచేది వాళ్లే.

వింజమూరు, ఉదయగిరి, పామూరు వైపు వాళ్లుంటే మీ అమ్మమ్మనో తాతనో అడిగి చెప్పినా చాలు. ఏ ఊరి పద్ధతో కూడా రాయండి, పక్కూరికే మారిపోతుంది.