పీకేయూ ఉన్న పాపకి అన్నప్రాశన తర్వాత ఏం పెడుతున్నారు?

మా పాపకి పుట్టగానే మడమ నుంచి తీసిన రక్తం పరీక్షలో ఫినైల్‌కీటోన్యూరియా (పీకేయూ) అని తేలిందండి. ఫినైల్‌అలనిన్ అనే, ప్రొటీన్లలో ఉండే అమైనో ఆమ్లాన్ని టైరోసిన్‌గా మార్చే ఎంజైమ్ సరిగా పనిచేయదు. అది రక్తంలో పేరుకుపోతే మెదడు దెబ్బతింటుంది. అందుకే ఫినైల్‌అలనిన్ లేని ప్రత్యేక పాలపొడి, దాంతోపాటు డాక్టర్ చెప్పినంత మేరకే నా పాలు ఇస్తున్నాం. ఇప్పటిదాకా అదుపులోనే ఉంది.

ఇకనుంచే టెన్షన్. పప్పు, పెరుగు, గుడ్డు కుదరవు, అన్నం కూడా తూచే పెట్టాలి. మొన్న మా అమ్మ పప్పుకట్టు కలిపిన మెత్తటి ముద్ద పాప నోటిదాకా తెచ్చి, గుర్తొచ్చి ఏడ్చేసింది.

సగ్గుబియ్యం జావ, సొరకాయ, ఆపిల్ గుజ్జు పెట్టొచ్చని డైటీషియన్ చెప్పారు. ఇలాంటి పిల్లల్ని పెంచుతున్నవాళ్లు సగ్గుబియ్యంతో ఇంకేం చేస్తున్నారు? తక్కువ ప్రొటీన్ పిండి మన దగ్గర ఎక్కడ దొరుకుతోంది? జ్వరం వచ్చి తిండి మానేస్తే ఫినైల్‌అలనిన్ పెరుగుతుందట, అప్పుడు మీరెలా నెట్టుకొచ్చారు? దయచేసి చెప్పండి.