అప్‌డేట్: మేడ మీద గప్పీలు, జావా మాస్

విజయవాడ ఎండల్లో మేడ మీద గప్పీలు (అక్వేరియంలో పెంచే చిన్న రంగు చేపలు) పెంచితే ఖర్చులైనా వస్తాయా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. వస్తున్నాయి, కానీ చేపల మీద కాదు, జావా మాస్ అనే అక్వేరియం నాచు మీద!

గప్పీలు నెలకోసారి పిల్లల్ని పెడుతూనే ఉన్నాయి. మీరు చెప్పినట్టే తొట్టిలో నాచు గుబురుగా వేశాక తల్లులు పిల్లల్ని తినేయడం బాగా తగ్గింది. అయితే మామూలు రకాలకు పటమట షాపుల్లో ఇచ్చే రేటు మేతకే సరి.

జావా మాస్ అలా కాదు. చిన్న రాయికి దారంతో చుట్టి నీడలో ఉంచితే నెమ్మదిగా అదే పట్టుకుంటుంది. మట్టి అక్కర్లేదు. ఆ రాళ్లనే అపార్ట్‌మెంట్ల వాళ్లు అడిగి మరీ కొంటున్నారు. మేలో మాత్రం తొట్లన్నీ మెట్ల కిందకి దించాను, నీళ్లు వేడెక్కితే దీనికి అస్సలు పడదు. (అమ్మ గొణుగుడు వేరే సంగతి.)

ఇప్పుడు గప్పీలను విడిగా అమ్మడం మానేసి, రాయితో పాటు ఒక జత ఇస్తున్నా.