అప్‌డేట్: ఏపీఏ మహాసభకు సింపోజియమా, పోస్టరా?

అమెరికాలోని తెలుగు విద్యార్థులు కౌన్సెలింగ్‌కు ఎందుకు వెనకాడుతున్నారన్న మా అధ్యయనాన్ని, 2025 ఆగస్టు 7 నుంచి 9 వరకు డెన్వర్‌లో జరిగే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (ఏపీఏ) మహాసభకు ఏ రూపంలో, అందులోని ఏ డివిజన్‌కు (ఒక్కో అంశాన్ని చూసే శాఖకు) పంపాలని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

చివరికి పోస్టర్‌గానే, అంటే అధ్యయనాన్ని ఒక పెద్ద షీటుపై ప్రదర్శించే రూపంలోనే పంపాము, అది ఎంపికైంది. సింపోజియం అంటే అధ్యక్షులు, పలువురు వక్తలు, వారందరి ప్రసంగాలను కలిపే ఒకే ప్రశ్న ఉండాలి. మా చేతిలో ఉన్నదేమో ఒకే ఒక్క అధ్యయనపు డేటా. డివిజన్ విషయంలో మాత్రం చాలా తర్జనభర్జన జరిగింది. కౌన్సెలింగ్ సైకాలజీకి చెందిన 17వ డివిజన్ సహజంగా కనిపించినా, మా వాదనకు మూలం చికిత్సా పద్ధతి కాక కుటుంబ గౌరవం, వలస జీవితం కాబట్టి, సంస్కృతి, జాతి అంశాలను చూసే 45వ డివిజన్‌ను ఎంచుకున్నాము.

రాసిందెవరో పరిశీలకులకు తెలియకుండా, పంపిన సారాంశంలో రచయితల పేర్లే కాక, మమ్మల్ని పట్టించే విశ్వవిద్యాలయం పేరునూ తొలగించాము. నేపథ్యాన్ని సగానికి కుదించి, ఆ చోటును పద్ధతికీ ఫలితాలకీ ఇచ్చాము; నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చిన సలహా అదే. ఇక మిగిలింది ప్రయాణ ఖర్చులకు మా విశ్వవిద్యాలయ విభాగాన్ని ఒప్పించడం.