అప్‌డేట్: చంద్రగిరి బీడులో కనిపించిన నల్లపొట్ట పిట్ట

రెండు వారాల కిందట అడిగాను, గుర్తుందా? చంద్రగిరి దాటాక ఉన్న బీడు భూమిలో పిచ్చుకంత పిట్టను చూశాను, పొట్టంతా నల్లగా ఉంది, థార్ ఎడారి నుంచి దారి తప్పి వచ్చిందేమో అని. కాదు, మన ఊరిదే! యాషీ క్రౌన్డ్ స్పారో లార్క్, మగది. "ముందు నెత్తి చూడండి" అన్నవారికి దండం. ఎడారిలో ఉండే దాని దాయాదికి నెత్తి నలుపు, నుదురు తెలుపు. నా ఫొటోలో నెత్తి స్పష్టంగా బూడిద రంగే.

నిన్న తెల్లవారుజామున మళ్లీ వెళ్లాను. వేరుశనగ పీకేసిన చేను గట్టు మీద కూర్చుంటే అరగంటలో ఆట మొదలైంది. రెక్కలు గబగబా కొడుతూ నిటారుగా పైకి వెళ్లింది. అక్కడి నుంచి రెక్కలు ముడుచుకుని, సన్నగా సాగే ఈల వేస్తూ, విసిరిన రాయిలా కిందికి పడింది. నేలకు తగులుతుందనగా మళ్లీ పైకి లేచింది. ఇలా అలలు అలలుగా నాలుగైదు సార్లు! చివరికి ఒక మట్టిగడ్డ ఎక్కి ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

మొదటిసారి పక్కనే గింజలు ఏరుకుంటున్న చప్పిడి గోధుమ రంగు పిట్టను ఆడ పిచ్చుక అనుకుని వదిలేశాను. అది దీని జోడీయే, నా తెలివి అంత.

గూడు మాత్రం దొరకలేదు. నేల మీద చిన్న గుంటలో, అంచున గులకరాళ్లు పేర్చి పెడుతుందట. అందుకే చేను మధ్యలోకి అడుగు పెట్టలేదు.