కాలనీలో 150 గజాల జాగా: పెద్దవాళ్లు వచ్చి కూర్చోవాలంటే ఏం చేయాలి?

కాలనీ సంఘం, వరంగల్:
మా కాలనీ జాగాలో లాన్ పెంచి, గోడ వెంబడి నాలుగు గ్రానైట్ బల్లలు వేశాం. డెబ్బై దాటినవాళ్లు చాలామంది రోజంతా ఇంట్లో ఒంటరిగానే ఉంటున్నారు గానీ ఇటు రావడం లేదు. ఇంత చిన్న జాగా వాళ్ల మనసుకు పనికొస్తుందా? ఏం మార్చాలి?

పార్కుల పని:
పనికొస్తుందండి. అమెరికాలో ఫిలడెల్ఫియాలో చెత్త పేరుకున్న ఖాళీ స్థలాలు బాగుచేసి గడ్డి, కొన్ని చెట్లు, చుట్టూ పొట్టి చెక్క కంచె పెట్టారు, అంతే. 2018లో వచ్చిన ఆ అధ్యయనంలో, చుట్టుపక్కల 18 ఏళ్లు దాటినవాళ్లలో (ముసలివాళ్లే కాదు) దిగులుగా ఉందనేవాళ్లు 40 శాతానికి పైగా తగ్గారు.

ముందు బల్లలు మార్చండి. వీపుకి ఆనుడు, చేతులకి పట్టు లేని బల్ల మీద మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చుంటే లేవలేరు. పైగా గ్రానైట్ సాయంత్రం ఐదింటికీ కాలుతూనే ఉంటుంది. సీటు ఎత్తు 18 అంగుళాలు, చేతిపట్టు సీటు ముందంచు దాకా ఉండాలి. లేచేటప్పుడు పాదాలు వెనక్కి లాక్కోవడానికి కింద ఖాళీ కూడా. వరసగా కాకుండా రెండేసి బల్లలు మూలమట్టంగా (L ఆకారంలో) వేయండి. చెవి సరిగ్గా వినపడనివాళ్లకి ఎదుటివాళ్ల మొహం కనిపిస్తేనే మాట అందుతుంది. అందకపోతే రావడం మానేస్తారు.

సివిల్ పని:
గేటు దగ్గర మెట్టుందా? 6 అంగుళాల మెట్టుకి 6 అడుగుల ర్యాంపు కావాలి, పక్కన కడ్డీ. దారికి పేవర్ బ్లాకులొద్దు. వానలకి ఒకటి కుంగితే చేతికర్ర తగులుకుంటుంది. ఒక్కరు పడ్డా మిగతా ఇళ్లవాళ్లు పెద్దవాళ్లని పంపరు. ఐదడుగుల వెడల్పున సిమెంటు పోసి, ఆరకముందే చీపురుతో గరుకు గీయండి. దగ్గర్లో బాత్రూమ్ లేకపోతే ఇవన్నీ చేసినా పావుగంట కూర్చోరు.

కాలనీ సంఘం, వరంగల్:
నీడకి ఏ చెట్టు?

నర్సరీ:
పడమర వైపు కానుగ. కోనోకార్పస్ (రోడ్ల పక్కన గుబురుగా పెంచే విదేశీ చెట్టు) వద్దే వద్దు. లాన్ సగం తీసేసి నందివర్ధనం, మందారం, పారిజాతం పెట్టండి. పూజకి పూలు కావాలంటే రోజూ పొద్దున్నే ఇంట్లోంచి కదులుతారు, అదే అసలు మందు. వంగలేనివాళ్లకి రెండున్నర అడుగుల ఎత్తున ఇటుక మడి కట్టండి. ఒకవైపు నుంచే అందేదైతే వెడల్పు రెండడుగులు దాటకూడదు. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు వదలండి. కుండీల కింద పళ్లేల్లో నీళ్లు వారానికోసారైనా పారబోయకపోతే దోమలు.

వృద్ధుల వైద్యం:
ఒక్క మాట. రెండు వారాలకి మించి నిద్ర, ఆకలి తగ్గి, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉన్నవాళ్లకి తోట ఒక్కటే చాలదు. డాక్టరుకి చూపించాలి. టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబర్లు గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించండి.