లంకమల దగ్గర చలికాలం ఈగలు: ఫోటో చూసి రకం చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా సిద్దవటం దగ్గర పల్లె. మార్గశిరం వచ్చినప్పటి నుంచి పొద్దున్నే లంకమల అడవి అంచున, ఒక వంక పక్కన ఈగలకు ఫోటోలు తీస్తున్నా. ఫోనుకు తగిలించుకునే మాక్రో లెన్సు తప్ప వేరే సామాను లేదు.

మొదటిది తడి రాయి మీద వాలింది. చూడ్డానికి పెద్ద దోమ. సన్నటి పొడుగు కాళ్లు, ఒకటి అప్పటికే ఊడిపోయి అయిదే ఉన్నాయి. రెక్కల వెనక గుండుసూది తలల్లాంటి రెండు బుడిపెలు, వీపు మీద ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా గాడి. క్రేన్ ఫ్లై అనుకుంటున్నా. ఇంట్లోకి ఇలాంటిదే వస్తే మా అవ్వ రక్తం తాగుతుందని కొట్టబోయింది, ఆపాను. పాపం, ఇవి కుట్టవు. దీనికి మన పల్లెల్లో పేరేమైనా ఉందా?

రెండోదే నన్ను నిద్రపోనీడం లేదు. ఎర్రచందనం చెట్ల సందున ఎండ పడేచోట గాల్లో కదలకుండా నిలబడుతుంది. చెయ్యి ఆడిస్తే పక్కకు జరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. పొట్ట మీద పసుపు, నలుపు పట్టీలు, అచ్చం తేనెటీగ వేషం. హోవర్ ఫ్లై వరకు తెలుసు, అందులో ఏ రకమో కావాలి. కళ్లు రెండూ నడినెత్తిన కలిశాయి, మగదై ఉంటుంది. రెక్క ఈనెలు మాత్రం మసకగా పడ్డాయి.

రకం తేలాలంటే ఏ వైపు నుంచి తీయాలి? ఈనెలా, ముఖమా, వెనక కాళ్లా? పట్టి సూదికి గుచ్చడానికి నాకు మనసొప్పదు. ఫోటోతో తేలనిదైతే ఆ మాటే చెప్పండి, కుటుంబం పేరు వరకే రాసుకుంటా. సంక్రాంతి దాకా రోజూ అక్కడికే వెళ్తా, ఎలా కావాలంటే అలా మళ్లీ తీసుకొస్తా.